గురువారం పన్నెండింటి లోపల

మిషిగన్ ఉత్తరపు కొన. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఒక సహకార దుకాణం, దాని వెనక పాత సౌనా గది, అంటే పొయ్యి మీద రాళ్ళు కాచి ఆవిరి పట్టుకునే ఫిన్నిషు వాళ్ళ స్నానాల గది. నవంబరు నెల, గురువారం, పొద్దున పదీ పది.

"నలభై ఒక్క పౌన్లు, హెల్వీ! ఒక్క పౌను తక్కువున్నా నా పేరు రెయినో కాదు. అంత ట్రౌటు చేప ఈ సరస్సులో మళ్ళీ పడలేదు. ఒడ్డుకి లాగేసరికి నీళ్ళు అంగుళం దిగిపోయాయి. పడవలన్నీ బురదలో కూర్చున్నాయి."

"మావయ్యా, టార్చి."

"పట్టుకున్నాగా."

"నీ మొహం మీదికి పట్టుకున్నావు. గోడ మీదికి కొట్టు."

"నా మొహం చూస్తే నీకు కాస్త ధైర్యంగా ఉంటుందని."

"గోడే నయం. టైమెంత?"

"పదీ పన్నెండు. బోలెడంత ఉంది. ఆ చేపని లాగడానికే నాకు రెండు గంటలు…"

"పన్నెండింటి లోపల ఆర్డరు వెళ్ళాలి. వెళ్ళకపోతే సరుకుల బండి ఆగిపోతుంది. బండి ఆగితే కొట్టు మూతపడుతుంది. ఆ తర్వాత నీ చేప కథ చెప్పుకోడానికి నలభై ఆరు మైళ్ళు వెళ్ళాలి."

"ఇప్పుడు మాత్రం ఇక్కడెవరు వింటున్నారు?"

"అదీ నిజమే. ఆ తీగ అందుకో. నీలంది కాదు, పసుపుది."

"ఇదేగా?"

"అది నీ చొక్కా దారం. పక్కది. ఆఁ. మావయ్యా, అతను ఏమన్నాడో ఇంకోసారి చెప్పు."

"ఎవరు?"

"ఎవరేంటి? సరుకుల కంపెనీ మనిషి. నీకు ఫోన్ చేసినవాడు."

"ఓ, అతనా. చెప్పానుగా."

"ఇంకోసారి చెప్పు. సరిగ్గా ఏమన్నాడో ఆ మాటే చెప్పు. నీ మసాలా వెయ్యకు."

"ఈ దారి ఎత్తేద్దామనుకుంటున్నాం అన్నాడు. ఒక్క ఊరి కోసం అంత దూరం బండి నడపడం గిట్టట్లేదు అన్నాడు. గురువారం పన్నెండింటి లోపల పూర్తి బండికి సరిపడా ఆర్డరు పంపితే చలికాలమంతా వస్తుంది, లేకపోతే లేదు అన్నాడు. అంతే."

"పూర్తి బండి అన్నాడా? సగం కాదుగా?"

"పూర్తి బండి."

"పేరేంటన్నావు అతనిది?"

"డెన్నిసు."

"నిన్న డగ్లస్ అన్నావు."

"డెన్నిసే. డగ్లసులా మాట్లాడాడు. గొంతు బొంగురు, పాపం, ఒకటే దగ్గు."

"ఒకసారి ఆ డెన్నిస్‌కి నేనే ఫోన్ చేసి, రౌటరు చచ్చిపోయింది, ఇంకో పూట ఆగమని అడగనా?"

"వద్దొద్దొద్దు."

"ఎందుకు?"

"అలాంటివాళ్ళని బతిమాలకూడదు. లోకువైపోతాం. అయినా వాళ్ళకి ఫోన్ చేస్తే మనిషి పలకడు, ఒకటి నొక్కు రెండు నొక్కు అంటూ మిషను పలుకుతుంది. నువ్వే కదా చెప్పావు, ఫోన్లో ఆర్డర్లు తీసుకునే ఆడవాళ్ళందర్నీ ఏడాది కిందటే ఇంటికి పంపేశారని."

"అది నిజమే అనుకో. కానీ…"

"కానీ లేదు, గీనీ లేదు. పని చెయ్యి. నేను కాఫీ పోస్తా."

"మూడోసారి పోస్తున్నావు."

"మూడోసారి వింటున్నావు కాబట్టి. చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని తాగు, చేతులు వణక్కుండా ఉంటాయి."

"నా చేతులు వణకట్లేదు. ఈ మేకు ఊడట్లేదు. అసలు రౌటరుని తీసుకొచ్చి సౌనాలో కొట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చింది మావయ్యా? ప్రపంచంలో ఇంకెవరైనా ఇలా చేస్తారా?"

"ఎందుకు చెయ్యరు? సౌనా ముందు కట్టుకున్నవాళ్ళు ఎవరైనా చేస్తారు. మా తాత ఈ అడవిలోకి వచ్చి మొదట కట్టింది ఈ గదే. ఒక చలికాలమంతా ఆయనా, మా నాయనమ్మా, ఆవూ ఇందులోనే ఉన్నారు. ఆ ఆవుకి ఫిన్నిషు భాష వచ్చేది."

"ఆవు సంగతి అడగలేదు."

"తర్వాత దీన్ని ఆనించి ఇల్లు కట్టారు. ఇంటిని ఆనించి కొట్టు కట్టారు. ఫోను తీగ లాగేవాళ్ళు వచ్చి, అయ్యా, మీ పాత గోడ ఏదీ అని అడిగితే మా తాత దీన్ని చూపించాడు. అప్పట్నుంచి తీగ ఏదొచ్చినా ఈ గోడకే వస్తుంది. మరి రౌటరు ఇక్కడ కాక ఎక్కడ కొడతాం? చర్చిలోనా?"

"అందుకేగా పదకొండేళ్ళ కిందట ఈ సౌనా కాచడం మానేశాం. తలుపు మీద నా చేత్తో రాసిపెట్టాను, 'పొయ్యి వెలిగించవద్దు' అని."

"మంచి అక్షరాలు."

"ఊడింది. పట్టుకో, పట్టుకో, కింద పడుతుంది! హమ్మయ్య. పాపం, పదకొండేళ్ళు. ఇంత చిన్న పెట్టె ఈ ఊరందరికీ తిండి పెట్టింది."

"పిడుగు పడకపోతే ఇంకో పదకొండేళ్ళు పెట్టేది."

"మళ్ళీ ఆ పిడుగా?"

"నేను చూశానంటే నమ్మవేం? శనివారం. తీగ మీద పాకుతూ వచ్చింది, పిల్లిలాగా. గోడ దగ్గర ఆగింది. అటూ ఇటూ చూసి, ఇందులోకి దూరింది."

"నవంబరులో పిడుగు."

"దారి తప్పింది."

"రౌటరు కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసినప్పుడు కూడా ఇదే చెప్పమన్నావు. నయం, చెప్పలేదు. ఆ మోడల్ తయారీ ఆపేసి ఐదేళ్ళయిందమ్మా, దాన్ని గౌరవంగా పారేయండి అంది అవతలి అమ్మాయి. దాని బదులు వచ్చిన కొత్తది ఆరు వందల నలభై డాలర్లట. పైగా ప్రతి ఏడూ ఇంత కట్టాలట, అది పని చేస్తూ ఉండటానికి."

"కొన్నాక కూడా కట్టాలా? ఆవుని కొన్నాక పాలకి వేరే ఇవ్వాలన్నట్టుంది."

"అదైనా కొనేదాన్నే. కానీ మన సంఘం రూలు ఉందిగా. రెండొందలు దాటిన ఏ వస్తువుకైనా సభ్యుల సభ పెట్టాలి, తలుపు మీద ఏడు రోజుల ముందు నోటీసు అంటించాలి. మన చేతిలో ఉన్నది మూడు రోజులు."

"ఏ బుద్ధిలేనివాడు పెట్టాడో ఆ రూలు."

"పంతొమ్మిది వందల ఎనభై మూడు. కింద సంతకం, అధ్యక్షుడు రెయినో."

"చెప్పానుగా, బుద్ధిలేనివాడని."

"అందుకే మంగళవారం ఊళ్ళోకి పోయి ఆ యాభై తొమ్మిది డాలర్లది తెచ్చాను."

"ఆ కొమ్ములదా! నాలుగు కొమ్ములు చూసి, వేట మొదలుకాకముందే దుప్పిని పట్టుకొచ్చావేమిటా, అని హడలిపోయాను."

"నవ్వకు. దాంతో ఇంటర్నెట్ బాగానే వచ్చింది. కానీ సరుకుల కంపెనీ తలుపు తెరుచుకోలేదు. నీకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు."

"ఇంకోసారి చెప్పు. మసాలా వెయ్యకు."

"వాళ్ళకీ మనకీ మధ్య ఒక సొరంగం ఉంటుంది మావయ్యా. కంటికి కనపడదు. ఇటు కొసన మన రౌటరు తవ్వుకుంటూ పోవాలి, అటు కొసన వాళ్ళది తవ్వుకుంటూ రావాలి. మధ్యలో కలవాలి. కలిస్తేనే ఆర్డరు పోతుంది. ఇళ్ళల్లో వాడే ఆ కొమ్ముల పెట్టెకి తవ్వడం రాదు."

"ఇంతేనా? రాగి గనిలో మేం చేసిన పనే. రెండు గుంపులు రెండు పక్కల నుంచీ తవ్వేవాళ్ళం. మధ్యమధ్యలో పని ఆపి, రాయికి చెవి ఆనించి వినేవాళ్ళం. అటు సుత్తి చప్పుడు వినపడితే దారి సరిగ్గా ఉన్నట్టు."

"వినపడకపోతే?"

"వినపడకపోతే… కాఫీ చల్లారిపోతోంది, తాగు."

"ఈ స్కూలు రౌటరుకి తవ్వడం వచ్చు. నిన్న రాత్రంతా దాని పుస్తకం చదివాను. రెండొందల పన్నెండు పేజీలు. పాతదాన్ని చేసిన కంపెనీయే దీన్నీ చేసింది. దీన్ని కూడా ఆపేశారనుకో, కాకపోతే రెండేళ్ళే అయింది."

"అంటే చచ్చినవాడి కుర్చీలో జబ్బుపడ్డవాణ్ణి కూర్చోబెడుతున్నాం."

"నలభై డాలర్లకి ఇంకేమొస్తుంది? బడి మూసేసి సామాను అమ్మినప్పుడు ఇదొక్కటే మిగిలింది. దీని మీద చీటీ చూడు. 'గ్రంథాలయం. నిశ్శబ్దం పాటించండి.'"

"ఇంక నిశ్శబ్దానికి ఏం లోటు? పిల్లలే లేరు."

"ఈ చలికాలం బండి వస్తే చాలు మావయ్యా. ఎండాకాలం సంగతి ఎండాకాలం చూసుకోవచ్చు. ఏంటిది?"

"ఏంటి?"

"పాత రౌటరు గాలి కంతల్లో ఏదో ఇరుక్కుంది. టార్చి ఇటు పట్టు. ఆకు."

"ఆకులంటే చెట్ల నుంచి వస్తాయి."

"బర్చి ఆకు. ఇంకా పచ్చదనం పోలేదు. సౌనాలో ఆవిరి పట్టేటప్పుడు కొమ్మల కట్టతో ఒళ్ళు కొట్టుకుంటే రాలే ఆకు."

"గాలికి వచ్చుంటుంది."

"కిటికీ లేని గదిలోకా? జరుగు. ఆ పొయ్యి తలుపు తియ్యనీ."

"పొయ్యి జోలికెందుకు, టైమైపోతుంటే…"

"బూడిద. కొత్త బూడిద! మావయ్యా, నువ్వు సౌనా కాచావు."

"ఇంకొంచెం కాఫీ పోస్తా."

"శనివారం నువ్వు సౌనా కాచావు! పిడుగూ లేదు, పిల్లీ లేదు. రౌటరుని ఉడకబెట్టావు!"

"ఉడకబెట్టలేదు. ఆవిరి పట్టాను."

"వంద డిగ్రీల్లో?"

"తొంభై. నేను ముసలాణ్ణి."

"పదకొండేళ్ళు! పదకొండేళ్ళు ఒక్క శనివారం కూడా దీని జోలికి రాలేదు. నీ ఇంట్లో నీకు సౌనా ఉంది. ఈ శనివారమే ఇక్కడికెందుకొచ్చావు?"

"నడుం పట్టేసింది."

"నీ ఇంట్లో దాంతో వదలదా నడుం?"

"రాళ్ళు బాగుంటాయి ఇక్కడ. పాత రాళ్ళు. అరవాలనుంటే తర్వాత అరవొచ్చు, ఇప్పుడు టైమెంతో చూడు."

"పదకొండూ ఐదు. నీ సంగతి పన్నెండు తర్వాత చూస్తాను. ఏదీ, ఆ పెన్‌డ్రైవ్ ఇటివ్వు, లాప్‌టాప్‌కి పెడతాను."

"ఇంతుంది, ఇదేం చేస్తుంది?"

"పాత రౌటరు బతికున్నప్పుడే దాని గుట్టంతా ఇందులో దాచాం. సొరంగం ఎటు తవ్వాలి, ఎంత తవ్వాలి, అన్నీ. దీన్ని ఈ స్కూలు పెట్టెకి తినిపిస్తే పాతదానిలాగే నడుస్తుంది. కానీ ఫైలుకి తాళం ఉంది. పాస్‌వర్డ్ కావాలి."

"పాస్‌వర్డ్ పెట్టింది నేనేగా!"

"అందుకే నా భయం. గుర్తుందా?"

"గుర్తుండకేం? చేప పేరు, దాని పక్కనే బరువు. మధ్యలో ఖాళీ లేదు. కొట్టు."

"ట్రౌట్ నలభై ఒకటి."

"అదీ."

"తప్పంటోంది."

"మళ్ళీ కొట్టు. నీ వేళ్ళు లావు."

"మళ్ళీ తప్పంటోంది."

"మొదటి అక్షరం పెద్దది పెట్టు."

"పెట్టాను. కాదంటోంది. మావయ్యా, పదకొండుం పావు అయింది. ఈ జాబితా చూశావా? అరవై మూడు ఇళ్ళు. పూర్తి బండి అవ్వాలని అందరూ అక్కర్లేనివి కూడా రాయించారు. ఐలీకి కుక్క లేదు, కుక్క బిస్కెట్లు రెండు బస్తాలు రాయించింది. వాల్ఫ్రిడ్‌కి పళ్ళు లేవు, బాదం పప్పు రాయించాడు. చర్చి మూడు వారాలకోసారి తెరుస్తారు, కొవ్వొత్తులు మూడేళ్ళకి సరిపడా చెప్పారు. వీళ్ళందరికీ, నీ చేప బరువు గుర్తు లేక బండి పోయిందని చెప్పమంటావా?"

"ఇదిగో టార్చి, తీసుకుని ఆర్పు."

"ఎందుకు?"

"ఆర్పు. నా మొహం నీకు కనపడకూడదు."

"ఆర్పాను. ఏంటి?"

"పద్నాలుగు కొట్టు."

"పద్నాలుగా?"

"పద్నాలుగే."

"పద్నాలుగు పౌన్లా! ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి పొయ్యిల చుట్టూ, పెళ్ళిళ్ళలో, మా అమ్మ చావు దగ్గర కూడా…"

"అంకెలు అవే కదా. వరస మార్చానంతే."

"నీళ్ళు అంగుళం దిగిపోయాయన్నావు!"

"గ్లాసులో దిగాయి. తాగాను."

"తెరుచుకుంది. మావయ్యా, తెరుచుకుంది! అయితే, ఊరందరికీ అబద్ధం చెప్పి, రౌటరుకి మాత్రం నిజం చెప్పావా?"

"యంత్రం నవ్వదుగా. నవ్వని చోట అబద్ధమెందుకు?"

"నీకు దణ్ణం. ఆ పసుపు తీగ ఇందులో పెట్టు. ఇదిగో, ఈ కంతలో. కరెంటు వెయ్యి. లైట్లు వచ్చాయి. ఎక్కుతోంది… అన్నీ తీసుకుంటోంది. ఒక్క మాట కూడా అనకుండా తీసుకుంటోంది. మంచి పిల్ల."

"గ్రంథాలయంలో పెరిగిందిగా."

"ఇంటర్నెట్ వచ్చింది. ఇప్పుడు ఈ మూడో లైటు పచ్చగా అవ్వాలి. అయితే సొరంగం కలిసినట్టు. టైమెంత?"

"పదకొండూ నలభై."

"చాలు. జాబితా అంతా ఎక్కించి పెట్టుకున్నాను, ఒక్క నొక్కు నొక్కితే పోతుంది. పచ్చగా అవ్వనీ."

"హెల్వీ."

"ఉండు."

"హెల్వీ, ఇంకొంచెం కాఫీ…"

"ఉండమన్నానా! నారింజ రంగులో ఆడుతోంది. తవ్వుతోంది. ఇదిగో, తెరమీద చూపిస్తోంది చూడు. పిలుస్తున్నాను. జవాబు లేదు. మళ్ళీ పిలుస్తున్నాను. జవాబు లేదు."

"ఎన్నిసార్లు పిలుస్తుంది?"

"కలిసేదాకా. ఆపి మళ్ళీ వేస్తాను. ఒక్కోసారి అలా చేస్తే వస్తుంది."

"పదకొండూ యాభై."

"పిలుస్తున్నాను. జవాబు లేదు. మావయ్యా, ఎక్కడ తప్పు చేశాను? పుస్తకంలో ఉన్నట్టే చేశాను. పదిహేడో పేజీ, నూట నలభయ్యో పేజీ, అన్నీ చేశాను. తాళం సరైనది, తీగ సరైనది. అటు వైపు నుంచి కిమ్మనట్లేదు. తప్పు అని కూడా అనట్లేదు."

"సుత్తి చప్పుడు లేదు."

"లేదు. ఈ పెట్టె లోపల ఏదో పోయుంటుంది. నాకు సిగ్గుండాలి. నలభై డాలర్లకి వస్తోంది కదాని స్కూలు చెత్తలోంచి ఏరుకొచ్చాను. రూలూ గీలూ పక్కన పడేసి ఆరు వందలదే తెచ్చి ఉంటే ఈపాటికి…"

"హెల్వీ."

"నేనే పోగొట్టాను. అరవై మూడు ఇళ్ళవాళ్ళు మూడు రోజులు మంచులో నడిచొచ్చి నా చేతిలో చీటీలు పెట్టారు. నేను నీ మీద అరిచాను గానీ, నువ్వు ఉడకబెట్టినా ఇది నిలబడాల్సింది. చవకదానికి పోయింది నేను."

"పెట్టెది తప్పేం లేదు."

"నీకెలా తెలుసు?"

"నీదీ లేదు. ఆరు వందలది పెట్టినా, ఆరు వేలది పెట్టినా ఇంతే. నువ్వు చాలా చక్కగా తవ్వావు. అటు వైపు తవ్వేవాళ్ళు లేరు."

"అంటే?"

"శనివారం పొద్దున ఫోను వచ్చింది."

"సోమవారం."

"శనివారం."

"సోమవారం అన్నావు నువ్వు. ఇక్కడే నిలబడి అన్నావు, ఇప్పుడే డెన్నిస్ ఫోన్ చేశాడని."

"అన్నాను. వచ్చింది మాత్రం శనివారం. సంఘం అధ్యక్షుణ్ణి కదా, నాకు చేశాడు. మన దారి ఎత్తేశారట. అటు కొసన మన ఆర్డర్లు తీసుకునే తలుపు కూడా శుక్రవారమే మూసేశారట. నెలాఖరుకి అతన్నీ ఇంటికి పంపిస్తున్నారట. నాకంటే అతనే ఎక్కువ బాధపడ్డాడు, పాపం. నేనే ఓదార్చాల్సి వచ్చింది."

"శనివారం. అందుకేనా సౌనా…"

"మా అమ్మ నన్ను కన్నది ఈ సౌనా బల్ల మీదే. మా నాన్నని ఆఖరుసారి కడిగింది కూడా దాని మీదే. ఈ కొట్టు ఈ గదిలోంచే పుట్టింది. పోయేవాళ్ళని వేడినీళ్ళు పొయ్యకుండా ఎవరైనా పంపిస్తారా? అందుకని వచ్చి పొయ్యి వెలిగించాను. రాళ్ళ మీద నీళ్ళు చల్లుతూ కూర్చున్నాను. పైన గోడకి రౌటరు ఉందన్న సంగతి నిజంగా మర్చిపోయాను. అది మాత్రం ముసలితనం."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే సోమవారం వచ్చాను. వచ్చేసరికి నువ్వు ఇక్కడ నేల మీద కూర్చుని ఉన్నావు, చచ్చిన పెట్టె వైపు చూస్తూ. ఇంక నావల్ల కాదు మావయ్యా అన్నావు. తలెత్తలేదు. నేను వస్తే ఎప్పుడూ ఏదో ఒకటి అని తిడతావు కదా, తిట్టనైనా తిట్టలేదు."

"నవ్వని చోట అబద్ధమెందుకు అన్నావు ఇందాక."

"అన్నాను."

"మూడు రోజులు మావయ్యా. ఐలీ మంచులో రెండు మైళ్ళు నడిచొచ్చింది, కుక్క బిస్కెట్లు రాయించడానికి."

"చూశాను. పాట పాడుకుంటూ వచ్చింది. వాల్ఫ్రిడ్ ఎదురైతే పలకరించింది కూడా. వాళ్ళిద్దరికీ పంతొమ్మిదేళ్ళుగా మాటల్లేవు."

"సాయంత్రం అందరూ వస్తారు, ఆర్డరు వెళ్ళిందా అని అడగడానికి. ఏం చెప్పను?"

"నేను చెబుతాను. నా మాట ఎవరూ నమ్మరు, అదొక్కటే చిక్కు."

"లేదు. నువ్వు ఇంకేదో దాస్తున్నావు. అతను ఏదో ఒక దారి చెప్పే ఉంటాడు. పూర్తి బండి పంపితే చూద్దాం అని అన్నాడుగా? గురువారం పన్నెండింటి లోపల పంపితే చలికాలమంతా వస్తుంది అన్నాడుగా? అదిగో, రోజూ మధ్యాహ్నం మోగే అగ్నిమాపకం వాళ్ళ సైరను. పన్నెండు. అన్నాడు కదా మావయ్యా?"

"డెన్నిసు నిజమే, అతని దగ్గూ నిజమే, బండి రాదన్నదీ నిజమే. 'పంపితే' అన్న మాట ఒక్కటే నేను కల్పించాను, అమ్మడూ."